పెద్దమ్మ కట్టిన పటాలు

చోడవరంలో మా తమ్ముడింటికి వెళ్తే ముందు కూర్చోడానికి చోటు వెతుక్కోవాలి. తమ్ముడి కూతురు పావని ముందుగదిని పూర్తిగా ఆక్రమించేసింది. సోఫా మీద మిఠాయి పెట్టెల అట్టలు, టీవీ ముందు ఐస్‌క్రీం పుల్లల కట్టలు, కిటికీ గట్టు మీద ఆరబెట్టిన బంతిరేకులు, గుమ్మం పక్కన పాత శుభలేఖల గుట్ట. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఎవరికైనా ఏదైనా ఇవ్వాలనుకున్నవాళ్లు ఈ పిల్లకి ఫోన్లో ఫోటో పంపిస్తారు. ఆ ఫోటోతో ఒక దీపమో, గోడ గడియారమో, మూత తీస్తే నాలుగు పక్కలా విచ్చుకునే డబ్బానో తయారుచేసి ఇస్తుంది. బజార్లో కొనేదాని కంటే బాగా చవగ్గా అయిపోతుందట, పైగా అలాంటిది ఇంకొకరింట్లో ఉండదట. డిగ్రీ అయ్యాక అనకాపల్లిలో ఏదో ఉద్యోగం చేసి, నచ్చక మానేసి, ఈ పనిలో పడింది. మా తమ్ముడు బస్సు డ్రైవరుగా చేసి ఈమధ్యే కాస్త ముందుగా రిటైర్మెంటు తీసుకున్నాడు. సొంతింట్లో కాలు చాపుకునే చోటు లేకుండా పోయిందని రోజూ సణుగుతాడు గానీ, పావని గమ్ము డబ్బా కనపడక తడుముకుంటుంటే ముందు లేచి వెతికిచ్చేది తనే.

నాకు చిన్నప్పట్నుంచీ ఒక జబ్బుంది. ఏ వస్తువు చేతికిచ్చినా మొదట తిరగేసి వెనకేముందో చూస్తాను. చీర కొంటే కుట్టు లోపలి వైపు చూస్తాను, గోడకి పటం ఉంటే దాని వీపు చూస్తాను. మా ఆయన దీనికి ఇనస్పెక్షన్ అని పేరు పెట్టి, కొత్త సామాను ఏది ఇంటికొచ్చినా "దొరసానిగారి ఇనస్పెక్షన్ అయిందా" అని అడిగేవాడు. మొన్న వెళ్లినప్పుడు కూడా పావని ఒక ఫోటో దీపం చేతిలో పెట్టగానే తిప్పేశాను. సన్నటి చెక్క పెట్టె, లోపల పండగలకి వేలాడదీసే చిన్న దీపాల తీగ, ముందు పల్చటి కాగితం మీద అచ్చువేసిన ఫోటో. వెనక మాత్రం బిస్కెట్ ప్యాకెట్ అట్ట అంటించి ఉంది.

"అత్తా, ఎనక సూడకు. ముందర నుంచి సూడాల దాన్ని" అంది పావని.

"పనితనమంతా వెనకే కదే ఉండేది" అన్నాను. ఆ పిల్ల నవ్వి, తమ్ముడు బజారుకి వెళ్లాడని వీధిలోకి తొంగిచూసి నిశ్చయం చేసుకుని, నా పక్కకొచ్చి కూర్చుంది.

"అత్తా, వచ్చే నెల నాన్నకి అరవయ్యేళ్లు నిండతాయి. ఏదైనా సేసి ఇద్దామని ఉంది."

"చెయ్యవే. ఊరందరికీ చేస్తన్నావు కదా."

"సేస్తాను గాని ఫోటో నేదు. ఆళ్లమ్మ ఫోటో కావాల."

వాళ్లమ్మ అంటే మా అమ్మ కాదు. మా అమ్మ ఫోటోలు రేషన్ కార్డు మీద, పింఛను పుస్తకం మీద, మనవల పెళ్లి ఆల్బముల్లో బోలెడున్నాయి. పావని అడుగుతున్నది మా పెద్దమ్మ సంగతి. పేరు అప్పలనరసమ్మ, మా నాన్నగారి అన్నగారి భార్య. ఆవిడకి పిల్లల్లేరు. తమ్ముడు పుట్టాక మా అమ్మ చాలాకాలం మంచం పట్టింది. పురుటి మంచం పక్కనుంచి వాణ్ని ఎత్తుకుపోయిన పెద్దమ్మ మళ్లీ కిందికి దించలేదు. వాడు ఆవిడనే అమ్మా అనేవాడు, కన్నతల్లిని మాత్రం ఇంట్లో పెద్దవాళ్ల నోట విని పేరు పెట్టి పిలిచేవాడు. మా అమ్మ దానికి నవ్వేసేది గానీ కోపం తెచ్చుకునేది కాదు. వాడు చిన్న బడిలో ఉండగానే, నా పెళ్లికి చాలా ముందే, పెద్దమ్మ పచ్చకామెర్లతో పోయింది. ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు.

"మొన్న టీ తాగతా సెప్పేడు" అంది పావని. "'ఆవిడ మొకం గుర్తు రాడం నేదమ్మా, మొన్న మొన్నటి దాకా వచ్చేది' అన్నాడు. మరింక టీ తాగలేదు, గ్లాసు అలగే ఒదిలేసి పెరట్లోకి ఎల్లిపోయేడు."

మా తమ్ముడు మాటల మనిషి కాదు. ఏళ్ల తరబడి బస్సు నడిపి, కండక్టరు విజిల్‌కి తప్ప దేనికీ జవాబు చెప్పని అలవాటు చేసుకున్నాడు. వాడు కూతురితో అంతమాట అన్నాడంటే లోపల ఎన్నాళ్లనుంచి నలుగుతున్నాడో. నేను పైకి ధీమాగా, "నాకు గుర్తుందిలే. నేను చెప్తాను, ఏం చేస్తావో చెయ్యి" అన్నాను. పావని వెంటనే ఫోన్ తీసింది. మనం వర్ణించి చెప్తే మొహం తయారుచేసి చూపించేది ఒకటి అందులో ఉందట. నాకు భలే సరదా వేసింది. ముక్కు పొడుగు అన్నాను, చామనఛాయ అన్నాను, పాపిట మీద జుట్టు పల్చబడింది అన్నాను, రెండు ముక్కుపుడకలు అన్నాను. ఫోను కాసేపు ఆలోచించి ఒకావిణ్ని చూపించింది. సీరియల్‌లో అత్తగారిలా ఉంది. పొలంలో తిరిగిన మనిషే, ఇలా నున్నగా ఉండదు అంటే, అదే మనిషికి చెమట పట్టించి మళ్లీ చూపించింది. కళ్లు ఎలా ఉండేవి అని పావని అడిగింది. చెప్పబోయి ఆగిపోయాను. పెదాలు అంది. చెప్పలేకపోయాను. నేను ఇంతసేపూ చెప్పింది మా మామ్మ ముక్కు, మా అత్త ముక్కుపుడకలు. పెద్దమ్మ నాకు వెనకనుంచి గుర్తుంది, పొడుగు గుర్తుంది, గొంతు గుర్తుంది, దగ్గరికి వెళ్తే వచ్చే మైదా జిగురు వాసన గుర్తుంది. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు. నాకు నిజంగానే భయం వేసింది. ఆవిణ్ని చూసినవాళ్లం ఇంక మిగిలిందే ముగ్గురం నలుగురం, మాలో కూడా ఆవిడ లేకపోతే ఇంకెక్కడుంటుంది.

ఆ రోజు పావని ముందుగదిలో అట్టముక్కల మధ్య కూర్చుని గుర్తు చేసుకోగలిగినంతా గుర్తు చేసుకున్నాను. విచిత్రమేమిటంటే, పావని చేసే పనే మా ఇంట్లో పెద్దమ్మ చేసేది. మా ఇంటి ఆడపిల్లకి పెళ్లి కుదిరిందంటే అత్తారింటికి పంపే సారెలో అరిసెలు, చలిమిడితో పాటు ఒక పటం ఉండి తీరాలి. ఇంటిల్లిపాదీ కూర్చుని దిగిన ఫోటో, పెద్దమ్మ చేత్తో కట్టిన పటం. కొనడానికి ఎవరి దగ్గరా అంత ఉండేది కాదు, పైగా కొన్నదాంట్లో మన మొహాలు ఉండవు కదా అనేది ఆవిడ. లగ్గం పెట్టుకున్న మర్నాటినుంచే సావిడిలో ఒక మూల ఆవిడ దుకాణం తెరుచుకునేది. కోమట్ల కొట్లోంచి తెచ్చిన గాజుల పెట్టెల అట్టలు, కొత్త చొక్కా పెట్టె మూతకి ఉండే పారదర్శకం కాగితం గాజుపలక బదులు, పెళ్లికూతురి చిన్నప్పటి పరికిణీ అంచు చుట్టూ అతకడానికి. గుమ్మడి గింజలు ఒలిచి రేకుల్లా పేర్చి పువ్వులు చేసేది. విరిగిన గాజుముక్కల్ని దీపం సెగకి వంచి ఒకదాన్లో ఒకటి దూర్చి గొలుసు చేసేది. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపేది. ఆ నీలిరంగు ముద్ద తినేదేమో అని మా తమ్ముడు ఒకసారి నోట్లో పెట్టుకోబోతే వీపు మీద ఒక్కటిచ్చి, మళ్లీ వాణ్నే వొళ్లో పెట్టుకుని పని చేసుకుంది. చెరుకు క్రషింగ్ రోజులైతే చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి ఉడికే చెరుకురసం వాసన వీధంతా కమ్ముకునేది. ఈ జిగురు వాసనా, ఆ తీపి వాసనా కలిసి మా ఇంట్లో పెళ్లి వాసన అంటే నాకు అదే. ఇప్పటికీ ఎక్కడైనా మైదా ఉడుకుతుంటే ఎవరి పెళ్లో అనిపిస్తుంది.

ఈలోగా ఫోటో దిగాలి. ఫోటోగ్రాఫరు సైకిల్ వెనక కెమెరా పెట్టె కట్టుకుని ఎండ బాగా ఎక్కకముందే వచ్చేవాడు. మా తాత అప్పటిదాకా పొలంలో గోచీతో ఉండి, ఆ గంటలో తలపాగా చుట్టి, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న వాచీ పెట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. వాచీ కనపడాలని చెయ్యి మోకాలి మీద అదోలా తిప్పి పెట్టేవాడు. మా మామ్మకి ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని అనుమానం, అందుకని దిగేటప్పుడు కళ్లు మూసుకునేది. వసారా గోడ సున్నం రాలిపోయి, పొగచూరి ఉండేది కాబట్టి మనుషుల వెనక ఒక దుప్పటి కట్టాలి. ఒక కొస కిటికీ ఊచకి కట్టేవారు. రెండో పక్క వసారా చూరు దాకా ఖాళీయే, కట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఆ కొస పెద్దమ్మ పట్టుకునేది. ఇంట్లో అందరికంటే పొడుగు ఆవిడే, దుప్పటి వెనక నిలబడి చెయ్యెత్తితే సరిగ్గా సరిపోయేది. అక్కణ్నుంచే అధికారమంతా. "ఒసే ఈశ్వరీ, పళ్లు సూపించకు. ఆ గుంటడి బొత్తాం ఎట్టండి ఎవరైనా. మామా, సెయ్యి అలగ తిప్పితే ఇరిగిపోద్ది" అని వెనకనుంచి గొంతు వినపడేది. దుప్పటి అడ్డంగా ఉన్నా ఎవరు కదిలారో ఆవిడకి ఎలా తెలిసేదో నాకు అంతుపట్టేది కాదు. ఒకసారి వెనక్కి పోయి చూశాను కూడా. దుప్పటికి ఎక్కడో ఒక చిరుగుంది, అందులోంచి ఒంటికంటితో చూస్తోంది.

మా అమ్మ అడిగేది, "ఈసారి నానట్టుకుంటాను అక్కా, నువ్వు రా ముందుకి" అని. ఆవిడ ఒప్పుకోలేదు. వేరేవాళ్లు పట్టుకుంటే దుప్పటి జారి మనుషుల నెత్తిన పడుతుందనేది. అది ఒక కారణం. అసలు కారణం ఒకసారి నేను జిగురు కలుపుతూ అడిగితే చెప్పింది. "ఫోటో ఎల్లిపోయేవోళ్లకే. ఆ పిల్ల అక్కడ కూకుని మనల్ని సూసుకోవాల కదా. నానెక్కడికి ఎల్తాను, ఇక్కడే ఉంటాను. నన్ను సూడాలంటే వచ్చి సూస్తారు." అది ఆవిడకి చాలా మామూలు సంగతి, అంతకుమించి ఆలోచించడానికేమీ లేనట్టు చెప్పింది. అందుకే మా ఇంట్లో మాకంటూ ఒక్క పటమూ లేదు. కట్టినవన్నీ బయటి ఊళ్లకి వెళ్లిపోయాయి.

ఆ మాట చెప్పగానే పావని లేచి నిలబడింది. "అయితే ఆ పటాలు ఆళ్ల ఇళ్లల్లో ఉంటాయి కదా అత్తా. ఏదో ఒకదాన్లో ఉంటాది." నాకు నమ్మకం లేదు. కానీ అంత చెప్పాక ఊరుకోలేకపోయాను. ఏమో, ఒక్కసారైనా ఎవరో బలవంతాన లాక్కొచ్చి నిలబెట్టి ఉండవచ్చు. రావికమతంలో మా పెదతాత మనవరాలి ఇంటికి ఫోన్ చేస్తే, స్లాబు వేసినప్పుడు పాత పటాలన్నీ తీసి ఎవరికో ఇచ్చేశామన్నారు. అనకాపల్లిలో ఇంకొకావిడ పటం దొరికింది గానీ అందులో బొమ్మ పూర్తిగా తెల్లబడిపోయి మా తాత తలపాగా ఒక్కటే మిగిలింది. చివరికి దేవరాపల్లిలో ఈశ్వరత్త దగ్గరుంది. మా నాన్నగారి ఆఖరి చెల్లెలు. మర్నాడు పొద్దున్నే పావని స్కూటీ మీద నన్నెక్కించుకుంది. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు, వాటిని దాటినప్పుడల్లా నేను దాని భుజం పట్టుకుని కళ్లు మూసుకున్నాను, మా మామ్మలాగే.

ఈశ్వరత్తకి ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు గానీ కబుర్లకి తక్కువ లేదు. పటం తన మంచం తలవైపు గోడకి ఉంది. పరికిణీ అంచు రంగు పోయి బూడిదలా అయింది, గుమ్మడి గింజలు కొన్ని రాలాయి, గాజుముక్కల గొలుసు మాత్రం నిన్న చేసినట్టుంది. "కొత్తల్లో ఏడుపొస్తే దీన్నే సూసీదాన్ని" అంది ఈశ్వరత్త. "మీ తమ్ముడు పాడుసేసేడు గాని, ఎంత మంచి ఫోటో." అది మా వాళ్లందరికీ తెలిసిన కథే. అందరూ కెమెరా వైపు బిగుసుకుని చూస్తుంటే, మా తాత ఒళ్లో ఉన్న అయిదేళ్ల తమ్ముడు మాత్రం మెడ తిప్పేసి వెనక్కీ పైకీ చూస్తున్నాడు. వాడి చెవీ, బుగ్గా తప్ప మొహం పడలేదు. ఫోటోగ్రాఫరు మళ్లీ తియ్యనన్నాడట. అందుకని వాడు పెద్దయ్యేదాకా ప్రతి పెళ్లిలోనూ "ఫోటో పాడుచేసినోడు" అని ఆటపట్టించారు.

పెద్దమ్మ లేదు. మేం ముగ్గురం కళ్లజోళ్లు మార్చి మార్చి చూశాం. లేదు. పావని మొహం పాలిపోయింది. నేను ఇంక ఊరుకోలేక, "అత్తా, ఒక్కసారి విప్పి చూడమంటావా" అని అడిగాను. ఆవిడ తలూపింది. వెనక అట్టకున్న కుట్లు జాగ్రత్తగా కత్తిరించి ఫోటో బయటికి తీశాను. అప్పుడు ఇంకొక సంగతి గుర్తుకొచ్చింది. బతికున్న మనిషి ఫోటో మీద కత్తెర పెట్టకూడదని మా ఇంట్లో పట్టింపు. పెళ్లిబట్టల ముందు కత్తెర చప్పుడు చెయ్యనివ్వని మనుషులు, ఇంక ఫోటో సంగతి చెప్పాలా. పటంలో పట్టకపోతే పెద్దమ్మ అంచులు కొయ్యదు, వెనక్కి మడిచేస్తుంది. ఈ ఫోటోకి కూడా పైనా పక్కలా మడతలున్నాయి. అంచున నిలబడి ఉంటుందేమో, సగం మొహమైనా పడి ఉంటుందేమో అని ఒక్కొక్క మడతా విప్పాను. ఒక పక్క కిటికీ ఊచ, దానికి దుప్పటి ముడి. పైన వసారా దూలం. రెండో పక్క మడత దగ్గర బొమ్మ పగిలి తెల్లటి గీతలు. అంతే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. "పోనీలే అత్తా, ఈ మామ్మకైనా కొత్తది సేసి ఇస్తాను" అని పావని ఆ ఫోటోని పరిచి, ఫోనుతో తీసి, అక్కడే కూర్చుని బాగు చెయ్యడం మొదలెట్టింది. గీతలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. నేను ఈశ్వరత్త ఇచ్చిన టీ తాగుతూ అటే చూస్తున్నాను.

"అత్తా, ఈ మూల దుప్పటి మీద ఏవో మచ్చలున్నాయి. తీసెయ్యనా?" అంది పావని. అంటూనే వేలితో రుద్దింది, దుప్పటి తెల్లగా అయిపోయింది. "ఎవరివో ఏళ్లలాగున్నాయి."

"ఆగు" అన్నాను. "వెనక్కి తీసుకురా దాన్ని. చెరపకు."

పావని వెనక్కి తెచ్చి పెద్దది చేసింది. దుప్పటి పై అంచు మీదుగా నాలుగు వేళ్లు. పొడుగాటివి, బిగించి పట్టుకున్నవి, గోళ్లు పొట్టిగా తీసేసుకున్నవి. చూపుడు వేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. గాజుముక్కలు విరుస్తుంటే తెగి ఉంటుంది, ఈ పటానికున్న గొలుసుకే. ఎవరివని నేను చెప్పక్కర్లేకపోయింది. ఈశ్వరత్త ఫోను లాక్కుని కళ్లకి ఆనించుకుని, "వొదినే" అంది. పావని మాత్రం ఆ వేళ్ల దగ్గర్నుంచి మెల్లగా కిందికి జరిపింది. తాత ఒళ్లో కూర్చుని మెడ తిప్పేసిన పిల్లవాడి చూపు సరిగ్గా ఆ చేతి మీదే ఉంది. ఫోటో పాడుచెయ్యడమేమిటి, వాడు వాళ్లమ్మని చూసుకుంటున్నాడు. ఇన్నేళ్లూ మేం మడతకి ఇవతల ఉన్నదే చూసి నవ్వుకున్నాం. ఆ మంచం మీద కూర్చుని ఈశ్వరత్తా నేనూ ఏడ్చేశాం, పావని పాపం ఎవరిని ఓదార్చాలో తెలియక ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు చాలా ఆలోచించాను. పావని ఫోన్లో ఎన్ని వేల ఫోటోలున్నాయో దానికే తెలియదు. ఇప్పుడు ఫోటో తీసేవాళ్లు కూడా ఫోటోలో ఉంటారు, చెయ్యి చాపి తమని తామే తీసుకుంటారు. ఎవరూ దుప్పటి వెనక మిగిలిపోనక్కర్లేదు. అది మంచిదే, అది మంచిది కాదని నేనెందుకంటాను, ఒక్క ఫోటో కోసం దేవరాపల్లి దాకా వెళ్లొచ్చినదాన్ని. అప్పుడు బహుమతి అంటే వెళ్లిపోయే మనిషి చేతిలో పెట్టేది. ఇప్పుడు ఒకే ఇంట్లో, పక్కపక్క గదుల్లో ఉన్నవాళ్లకి కూడా ఇచ్చుకుంటున్నారు. మొదట్లో నాకది వింతగా ఉండేది, రోజూ చూసుకునే మొగుడికి పెళ్లాం ఫోటో ఉన్న గడియారం ఎందుకని పావనిని ఏడిపించేదాన్ని. ఇప్పుడలా అనిపించడం లేదు. ఇక్కడే ఉంటానన్న మనిషే అందరికంటే ముందు వెళ్లిపోయింది. వచ్చి చూడటానికి ఎవరికీ వీలు లేకుండా పోయింది. ఆవిడ లెక్క ఒక్క చోటే తప్పింది, కానీ అది మా తమ్ముడి పాలిట పెద్ద తప్పు.

పావని దీపం చెయ్యడానికి చాలా తంటాలు పడింది. మొదట వేళ్లు ఒక్కటే పెద్దవి చేసి వేసింది, అదేమిటో తెలియకుండా పోయింది. తర్వాత ఫోటో అంతా పెడితే వేళ్లు మరీ చిన్నవయ్యాయి. చివరికి తాత ఒళ్లో ఉన్న పిల్లవాడూ, వాడి మీదుగా దుప్పటీ, పైన వేళ్లూ వచ్చేలా ఒక ముక్క తీసుకుంది. కొయ్యకుండా, మడిచే తీసుకుంది, అలాగే చెయ్యమని నేను పట్టుబట్టాను. చుట్టూ శుభలేఖల కాగితంతో పువ్వులు చేద్దామంటే వద్దన్నాను, కాస్త గుమ్మడి గింజలు ఒలిచిపెట్టాను. జిగురు మాత్రం దాని సీసాలోదే, నాకు మైలుతుత్తం ఎక్కడ దొరుకుతుందో తెలియలేదు.

పుట్టినరోజు పొద్దున తమ్ముడు స్నానం చేసి కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. మరదలు పరవాన్నం గిన్నె పట్టుకుని నిలబడింది. పావని దీపం బల్ల మీద పెట్టి స్విచ్చి వేసింది. దుప్పటి వెనక వెలుగొచ్చింది.

"ఏటమ్మా ఇది" అని వంగి చూశాడు. "ఈడు నానేనా?"

"నువ్వే. ఫోటో పాడుచేసినోడివి" అన్నాను.

"ఎటు సూస్తన్నాను?"

వాడు వేలుపెట్టి ఆ పిల్లవాడి చెంప దగ్గర్నుంచి మెల్లగా పైకి జరిపాడు. దుప్పటి అంచు దగ్గర వేలు ఆగిపోయింది. తర్వాత "అమ్మ" అన్నాడు, ఎవరితోనూ కాదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు, మాకు కనపడుతోందన్న ధ్యాస కూడా ఉన్నట్టు లేదు. మరదలు ఏదో అనబోతే పావని ఆపింది.

కాసేపటికి లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చాడు. పోయినవాళ్ల పటం ఇంట్లోకి వస్తే ముందు నుదుట బొట్టు పెట్టి, తర్వాతే గోడకి పెట్టడం మా అలవాటు. ఉంగరం వేలికి కుంకుమ అద్దుకుని దీపం ముందు నిలబడి, ఎటూ తోచక నావైపు తిరిగాడు.

"అప్పా, బొట్టెక్కడెట్టను?"

"గోళ్ల మీద పెట్టు" అన్నాను.

చిటికెన వేలి గోటికి పెట్టాడు. దాని పక్కదానికి పెట్టాడు, మధ్యవేలికి పెట్టాడు. నెమ్మదిగా పెట్టాడు. గుడ్డ చుట్టిన వేలి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"దీనికి వద్దులే అప్పా" అన్నాడు. "దెబ్బ తగిలినట్టుంది, మండతాది."